కోపానికీ ఉంది చికిత్స!

జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్తాం. పన్ను నొప్పెడితే వెళ్తాం. ఇంటిల్లిపాదినీ హడలగొట్టే కోపానికి మాత్రం 'నా స్వభావమే అంత' అని సరిపెట్టుకుంటాం. ఆ తీరునూ మార్చుకోవచ్చంటున్నారు మానసిక నిపుణులు.

కూరలో ఉప్పు ఎక్కువైంది... కంచం గోడకు తగిలింది. గ్రీన్ సిగ్నల్ పడ్డా ముందు బండి కదల్లేదు... హారన్‌తో మొదలైన గొడవ చొక్కాలు పట్టుకునేదాకా వెళ్లింది. పిల్లాడికి మార్కులు తగ్గాయి... వీపు విమానం మోత మోగింది. అరగంట తర్వాత చూస్తే ఆ మనిషే తల పట్టుకుని కూర్చుంటాడు. అంత మాట అనకుండా ఉండాల్సిందని బాధపడతాడు. రాత్రికి ఐస్‌క్రీమ్ తెస్తాడు. వారం తిరక్కుండానే మళ్లీ మామూలే!

'మావాడికి కోపమెక్కువ గానీ మనసు వెన్న' అంటారు పెద్దవాళ్లు. దూర్వాసుడంటూ నవ్వేస్తారు. కానీ ఆయన బండి చప్పుడు వినగానే టీవీ కట్టేసి, గొంతులు తగ్గించుకునే పిల్లలకు అది నవ్వులాట కాదు.

ఆఫీసులో రాదేం?

'కోపమొస్తే నన్ను నేను ఆపుకోలేను' అనేవాళ్లు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. పై అధికారి నలుగురిలో చివాట్లు పెట్టినప్పుడు ఆయన మీద ఫైలు విసిరేశారా? లేదు కదా! పళ్లు బిగబట్టి 'సరే సార్' అన్నారు. అంటే బ్రేకు ఉంది. ఇంటి గడప దాటి లోపలికి రాగానే దాన్ని వదిలేస్తున్నారంతే. చికిత్సకు ఆశ కలిగించేదీ ఈ బ్రేకే. లేనిదాన్ని కొత్తగా తెచ్చిపెట్టనక్కర్లేదు, ఉన్నదాన్ని ఇంట్లోనూ వాడటం నేర్పితే చాలు.

ఈ పద్ధతికి బాట వేసినవాళ్లలో ముఖ్యుడు అమెరికా మనస్తత్వవేత్త రేమండ్ నొవాకో. 1975లో ఆయన రాసిన 'యాంగర్ కంట్రోల్' పుస్తకంతో కోపానికి చికిత్స అన్న ఆలోచన బలపడింది. జరిగిన సంఘటన, దానికి మనం చెప్పుకొనే అర్థం, ఒంట్లో పుట్టే వేడి, ఆపైన చేసే పని... ఇదంతా ఓ గొలుసు. ఎక్కడ తెంపినా మంట ఆగుతుంది.

గదిలో ఏం జరుగుతుంది?

కౌన్సెలింగ్ అంటే నీతిబోధ అనుకుంటారు చాలామంది. కాదు. మొదటిరోజు ఎక్కువగా ప్రశ్నలే. వారంలో ఎన్నిసార్లు కోపం వస్తోంది? ఎవరి మీద? చెయ్యి లేచిందా? మందు అలవాటుందా? నిద్ర పడుతోందా? ఎందుకంటే కుంగుబాటు, నిద్రలేమి, మద్యం, ఒక్కోసారి థైరాయిడ్ హార్మోన్ ఎక్కువవడం కూడా చిరాకుకు కారణం కావచ్చు. అలాంటివుంటే ముందు వాటి సంగతి చూడాలి.

తర్వాత ఓ డైరీ రాయమంటారు. ఎప్పుడు, ఎందుకు కోపమొచ్చింది, ఆ క్షణంలో ఏమనుకున్నారు, పదికి ఎన్ని మార్కుల కోపం అన్నది అందులో రాయాలి. నాలుగు వారాలు రాస్తే గుట్టు బయటపడుతుంది. 'కావాలనే చేసింది', 'నన్ను లెక్కచేయట్లేదు' లాంటి మాటలే మళ్లీ మళ్లీ కనిపిస్తుంటాయి. అది నిజమేనా, ఇంకో కారణం ఉండొచ్చా అని ఆలోచించడం నేర్పుతారు. దవడ బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం, గొంతు పెరగడం లాంటి తొలి హెచ్చరికల్ని గుర్తుపట్టడమూ ఇందులో భాగమే.

అప్పుడు ఏం చేయాలి? 'ఇరవై నిమిషాల్లో వస్తాను, అప్పుడు మాట్లాడుకుందాం' అని చెప్పి పక్కకు వెళ్లాలి. చెప్పకుండా తలుపు దడాల్న వేసి పోవడం దీని కిందికి రాదు. బయటికెళ్లి ఆ గొడవనే మనసులో తిప్పుకోకూడదు. తిరిగొచ్చి మాట్లాడి తీరాలి. 'నువ్వెప్పుడూ ఇంతే' అనే బదులు 'ఫోన్ చేయకుండా ఆలస్యమైతే నాకు కంగారుగా ఉంటుంది' అనడం సాధన చేయిస్తారు. సాధారణంగా వారానికొకటి చొప్పున ఎనిమిది నుంచి పన్నెండు సిట్టింగులు పడతాయి.

కక్కేస్తే పోతుందా?

దిండును బాదితే కోపం చల్లారుతుందన్న నమ్మకం ఒకటుంది. అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ 600 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. కోపం తెప్పించినవాణ్ని తలచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దినవాళ్లకు కోపం ఇంకా పెరిగింది. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లే నయం! 154 అధ్యయనాలను కలిపి చూసిన 2024 నాటి విశ్లేషణలోనూ ఇదే తేలింది. నిదానంగా ఊపిరి తీసుకోవడం, ధ్యానం, యోగా, కండరాలు సడలించడం లాంటివే కోపాన్ని తగ్గించాయి.

ఎవరి దగ్గరికెళ్లాలి?

మాటలతో, సాధనతో మార్పు తెచ్చేది క్లినికల్ సైకాలజిస్టు. మందులు అవసరమైతే సైకియాట్రిస్టును కలవాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలున్నాయి. అక్కడికెళ్తే పిచ్చి అనుకుంటారన్న భయముంటే ముందు ఫోన్‌లోనే మాట్లాడొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన 'టెలి మానస్' నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

ఒక హెచ్చరిక. భార్యను కొట్టడం కోపం సమస్య అని తేల్చేయడానికి వీల్లేదు. అది 2005 నాటి గృహహింస చట్టం కిందికి వచ్చే విషయం. ఆయన కౌన్సెలింగ్‌కు వెళ్తున్నాడు కదా అని ఆమె దెబ్బలు ఓర్చుకోనక్కర్లేదు. 181కి ఫోన్ చేసి సాయం కోరవచ్చు.

ఇక వెళ్లాలా వద్దా అని తటపటాయించేవాళ్లు తేల్చుకోవడానికి ఓ తేలిక మార్గముంది. 'నేను ఇంటికొస్తుంటే మీకెలా ఉంటుంది?' అని పిల్లల్ని అడగండి. జవాబు చెప్పేముందు వాళ్లు అమ్మ వైపు చూశారంటే... వెంటనే అపాయింట్‌మెంట్ తీసుకోండి!