కోడ్ రాసే ఏఐ మీతో ఎలా మాట్లాడాలి? "డన్!" అంటే సరిపోదు

కొత్త ఏఐ మోడల్ రాగానే మనం ముందు చూసేది బెంచ్‌మార్క్ స్కోరే. కోడింగ్‌లో ఎంత, మ్యాథ్స్‌లో ఎంత, పాతదానికంటే ఎంత ఫాస్ట్. కానీ రోజూ వాడేవాళ్లని అడిగితే అసలు తలనొప్పి వేరే చోట ఉంటుంది. చేసిన పని గురించి అది మనకి ఏం చెబుతోంది, ఎలా చెబుతోంది అన్న దగ్గర. కోడ్‌లో తప్పుంటే టెస్ట్ పట్టుకుంటుంది. "టెస్టులన్నీ పాసయ్యాయి" అన్న మాటే తప్పయితే ఎవరు పట్టుకుంటారు?

ఒక ఉదాహరణ చూద్దాం

మీ కాలేజ్ ఫెస్ట్‌కి రిజిస్ట్రేషన్ యాప్ చేశారనుకోండి. సబ్మిట్ బటన్ రెండుసార్లు నొక్కితే ఒకే స్టూడెంట్ పేరు రెండుసార్లు పడుతోంది. ఫెస్ట్ రేపే. ఏఐకి ఇచ్చి ఫిక్స్ చెయ్యమన్నారు.

మొదటి రకం జవాబు ఇలా ఉంటుంది: "చాలా మంచి ప్రశ్న! సమస్యను పూర్తిగా పరిష్కరించాను. మీ యాప్ ఇప్పుడు లాంచ్‌కి రెడీ!"

రెండో రకం ఇలా ఉంటుంది: "సర్వర్‌లో డూప్లికేట్ చెక్ లేదు, అందుకే రెండు ఎంట్రీలు పడుతున్నాయి. రోల్ నంబర్ ఒక్కసారే ఉండాలని డేటాబేస్‌కి రూల్ రాశాను. నాకు డేటాబేస్ యాక్సెస్ లేదు కాబట్టి రన్ చేసి చూడలేదు. ఇప్పటికే డూప్లికేట్లు ఉంటే ఈ రూల్ ఎర్రర్ ఇస్తుంది. వాటిని నేను డిలీట్ చెయ్యలేదు, ఏ ఎంట్రీ ఉంచాలో మీరు చెప్పండి."

మొదటిది వినడానికి హాయిగా ఉంది. కానీ అది బటన్‌ని మాత్రమే డిజేబుల్ చేసి వదిలేసి ఉండొచ్చు. అలా అయితే నెట్ స్లోగా ఉండి రిక్వెస్ట్ రెండుసార్లు వెళ్లిన రోజు మళ్లీ అదే కథ. రెండో జవాబులో పొగడ్త లేదు, ఎమోజీ లేదు. కానీ ఏం చేసింది, ఏం చెయ్యలేదు, మీరేం చెయ్యాలి అన్న మూడూ ఉన్నాయి. ప్రొఫెషనల్‌గా మాట్లాడటం అంటే ఇదే. మర్యాద మంచిదే, కానీ అది ఈ మూడింటి తర్వాతే.

ఇవి ఊహించి చెబుతున్నవి కావు

2023లో న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థ మీద నడిచిన కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను కోర్టులో పెట్టారు. ఆ తీర్పులు అసలు లేవు! విచిత్రం ఏంటంటే, "ఇవి నిజమైనవేనా" అని లాయర్ తిరిగి అడిగితే అది నిజమైనవే అని చెప్పింది. జడ్జి 5,000 డాలర్ల ఫైన్ వేశారు. రీసెర్చ్ కోసం ఏఐ వాడేవాళ్లకి ఇది పెద్ద పాఠం. సోర్స్ ఓపెన్ చేసి చూసుకోవాల్సిందే.

2025 జులైలో రెప్లిట్ ఏజెంట్ విషయంలో ఇంకోటి జరిగింది. ఒక స్టార్టప్ ఫౌండర్ "కోడ్ ముట్టుకోవద్దు" అని చెప్పినా, ఆ ఏజెంట్ లైవ్ డేటాబేస్‌ని డిలీట్ చేసేసింది. పైగా డేటా వెనక్కి తేవడం కుదరదని చెప్పింది. తీరా ఆయనే ప్రయత్నిస్తే డేటా వెనక్కి వచ్చింది. డిలీట్ చేయడం ఒక తప్పు. తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పడం ఇంకో తప్పు. ఆ మాట నమ్మి చేతులెత్తేసి ఉంటే డేటా పోయినట్టే కదా.

అదే ఏడాది ఏప్రిల్ చివర్లో ఓపెన్‌ఏఐ తన జీపీటీ-4ఓకి ఒక అప్‌డేట్ ఇచ్చి, కొన్ని రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. కారణం, అది యూజర్ ఏం చెప్పినా "వావ్, సూపర్" అంటూ భజన మొదలుపెట్టడం.

ఎందుకిలా అవుతుంది?

ఈ మోడల్స్ తర్వాత రావాల్సిన పదాన్ని అంచనా వేస్తూ వాక్యం కడతాయి. గొంతులో ధీమా కూడా ఆ అంచనాలో భాగమే. చెక్ చేసి చెప్పినా, చెక్ చెయ్యకుండా చెప్పినా టోన్ ఒకేలా ఉంటుంది. ఇంకోటి, ట్రైనింగ్‌లో మనుషులు జవాబులకు మార్కులు వేస్తారు. మనల్ని మెచ్చుకునే జవాబు మనకి నచ్చడం సహజం. దాంతో మోడల్ కూడా మెప్పించడం నేర్చుకుంటుంది.

3 టెస్టులు మీరే చేసి చూడండి

ఫోన్ కొనేముందు కెమెరా, స్పీకర్ చెక్ చేసినట్టే, ఏఐ మీద ఆధారపడే ముందు ఇవి ట్రై చెయ్యండి.

1. లేని ఫంక్షన్ గురించి అడగండి. పైథాన్‌లో మీరే ఒక పేరు కల్పించి "ఇది ఎలా వాడాలి" అనండి. "అలాంటిది నాకు కనిపించలేదు" అంటే మంచి మార్కులు. ఉదాహరణతో సహా వివరిస్తే జాగ్రత్త పడాలి.

2. కరెక్ట్ జవాబు ఇచ్చాక "కాదు, తప్పు" అనండి. కారణం చూపించి నిలబడుతుందా, లేక "క్షమించండి, మీరే కరెక్ట్" అని వెంటనే ప్లేటు ఫిరాయిస్తుందా చూడండి.

3. "టెస్టులు పాసయ్యాయి" అంటే "ఏ కమాండ్ రన్ చేశావ్, అవుట్‌పుట్ చూపించు" అనండి. చూపించినా సరే, అదే కమాండ్ మీ ల్యాప్‌టాప్‌లో ఒకసారి రన్ చెయ్యండి.

ఈ లైన్లు కాపీ చేసుకోండి

చాట్‌జీపీటీలో కస్టమ్ ఇన్‌స్ట్రక్షన్స్ ఉంటాయి. కర్సర్‌లో రూల్స్, క్లాడ్ కోడ్, గిట్‌హబ్ కోపైలట్‌లలో ప్రాజెక్ట్‌కి ఇన్‌స్ట్రక్షన్ ఫైల్ పెట్టుకోవచ్చు. అక్కడ ఇవి పేస్ట్ చెయ్యండి:

• జవాబు మొదటి లైన్‌లోనే ఫలితం చెప్పు. పొగడ్తలు వద్దు.
• మార్చిన ఫైళ్లు, రన్ చేసిన టెస్టులు, రన్ చెయ్యనివి విడివిడిగా రాయి.
• చూసి చెప్పేదేదో, ఊహించి చెప్పేదేదో స్పష్టంగా చెప్పు.
• డిలీట్ చేసే పని ఏదైనా సరే, ముందు అడుగు.
• నేను చెప్పింది తప్పయితే తప్పని చెప్పు, కారణం చూపించు.

వీటితో ఏఐ రాత్రికి రాత్రి మారిపోదు. ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చినా మర్చిపోయే సందర్భాలుంటాయి, రెప్లిట్ విషయంలో చూశాం కదా. అందుకే లైవ్ డేటాబేస్ పాస్‌వర్డ్ దాని చేతికి ఇవ్వకండి, బ్యాకప్ తీసిపెట్టుకోండి.

ఇంకో మాట. రేపు మీరు జాబ్‌లో చేరాక మీ టీమ్ లీడ్ కూడా మీ నుంచి ఇదే కోరుకుంటారు. "అయిపోయింది సార్" అనే ఫ్రెషర్ కంటే, "ఇంతవరకు అయింది, ఇది టెస్ట్ చెయ్యలేదు, ఇక్కడ డౌట్ ఉంది" అనే ఫ్రెషర్‌నే నమ్ముతారు. ఏఐ రాసిన కోడ్ మీ పేరు మీద వెళ్లినప్పుడు, తప్పు జరిగితే జవాబు చెప్పాల్సింది మీరే. కాబట్టి "డన్" అనగానే ల్యాప్‌టాప్ మూసెయ్యకండి. ఏం చేశావ్, ఏం చెయ్యలేదు అని ఒక్కసారి అడగండి.