కౌన్సెలర్‌కూ ఒక ఎల్ ప్లేట్

"యూనివర్సిటీలో కౌన్సెలర్‌ని కలిశాను" అని పిల్లలు చెప్పగానే మనం కంగారు పడతాం. ఆ కౌన్సెలర్ ఇంకా చదువుకుంటున్నారని తెలిస్తే, "మా పిల్లల మీద ప్రయోగాలా?" అనుకుంటాం. అందుకే ఆ శిక్షణ గురించి నాలుగు మాటలు చెబుతున్నాం.

ఇక్కడ మన పిల్లలు కారుకు ఎల్ ప్లేట్ తగిలించి, పక్కన లైసెన్సున్న పెద్దవారిని కూర్చోబెట్టుకుని డ్రైవింగ్ నేర్చుకుంటారు కదా! ఇదీ అంతే. పోస్ట్ గ్రాడ్యుయేట్ విద్యార్థులు ముందు తరగతిలో ఒకరితో ఒకరు సాధన చేస్తారు. తరువాత ప్రాక్టికమ్‌లో నిజంగా కష్టంలో ఉన్నవారి మాటలు వింటారు. మెల్బోర్న్ మొనాష్ యూనివర్సిటీలోని క్రోంగోల్డ్ క్లినిక్ ఇటువంటి శిక్షణ ఇచ్చే చోటే.

తాము విద్యార్థులమని వారు ముందే చెప్పాలి. వచ్చినవారు ఒప్పుకుంటేనే సంభాషణ రికార్డు చేస్తారు. అనుభవమున్న సూపర్‌వైజర్ దాన్ని విని, ఎక్కడ తొందరపడి సలహా ఇచ్చారో, ఎక్కడ ఊరుకుని వినవలసిందో వివరిస్తారు. ప్రాణాపాయం వంటి సందర్భాల్లో తప్ప విన్నది గోప్యంగా ఉంచుతారు. పద్దెనిమిదేళ్ళు నిండినవారి సంగతులు, వారు సరేననకుండా అమ్మానాన్నలకు కూడా చెప్పరు.

పిల్లలూ! మనసు బాగోలేదని చెప్పుకోవడం తప్పు కాదు. 5 నుండి 25 ఏళ్ళ వారు కిడ్స్ హెల్ప్‌లైన్ 1800 55 1800కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

పెద్దలమైన మనం కూడా ఆ విద్యార్థుల మొదటి పాఠం నేర్చుకుందాం: సలహా తరువాత, ముందు వినడం.