కొత్త రంగు వెనక పాత ఘాటు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది ఖాళీ అయితే చాలు, గబగబా రంగు వేయించి టులెట్ బోర్డు పెట్టేస్తారు. గ్రూప్స్ కోచింగ్‌కి వచ్చిన పిల్లలు అద్దె ఎంత, నీళ్లు వస్తాయా, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఎంత దూరం అని అడుగుతారు. ఇంతకు ముందు ఇక్కడ ఎవరున్నారు, ఏం చేసేవారు అని మాత్రం అడగరు. అడగాలి, ఎందుకంటే అక్కడ మత్తుమందు తయారు చేసి ఉండొచ్చు.

2025 సెప్టెంబరులో పాత బోయిన్‌పల్లిలో ఆల్ప్రాజోలం తయారీ బయటపడింది, అదీ పిల్లలు చదువుకుంటున్న బడి భవనంలో! కల్తీ కల్లులో కలిపే మత్తుమందు ఇదే. తెలంగాణ పోలీసుల మాదకద్రవ్య నిరోధక విభాగం ఈగల్ దాడి చేసేదాకా లోపల రియాక్టర్లు నడుస్తున్న సంగతి బయటివారికి తెలియలేదు.

మెథాంఫెటమిన్ అనే మరో మత్తుమందు కిలో తయారైతే ఐదారు కిలోల విషపు వ్యర్థాలు మిగులుతాయని అమెరికా అధికారుల లెక్క. వాటిని చాలాసార్లు సింకులోనో, మరుగుదొడ్డిలోనో, పెరట్లోనో పారబోస్తారు. అందుకే ఇల్లు చూసేటప్పుడు గోడల కంటే ముందు వంటగట్టు కింద చూడండి. సింకు అడుగున మెరుపు పోయి గుంటలు పడ్డాయా? తడి తగలని చోట కూడా తలుపు గొళ్లాలు, స్విచ్‌బోర్డు స్క్రూలు తుప్పుపట్టాయా? గోడల మీద పసుపు, ఎరుపు మరకలున్నాయా? కిటికీలకు నల్ల కాగితం అతికించిన జిగురు, అక్కర్లేని చోట ఎగ్జాస్ట్ ఫ్యాన్ కోసం కొట్టిన కన్నం ఉన్నాయా? వీటిలో ఏ ఒక్కటో కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. మన పాత ఇళ్లలో తుప్పు, చెమ్మ మామూలే. నాలుగైదు ఒకేచోట కనిపిస్తే అనుమానించాలి.

వాసన లేదని ధీమా పడొద్దు. ఘాటు పోయినా అవశేషం ఫాల్స్ సీలింగ్‌లో, ఏసీ గొట్టాల్లో, పరుపుల్లో ఉండిపోతుంది. పైన రంగు పూస్తే అది కనబడదు, అంతే.

భయం హద్దు దాటితే ఏమవుతుందో న్యూజిలాండ్ చూసింది. గోడల మీద మెథాంఫెటమిన్ ఆనవాళ్లు దొరికాయని అక్కడి ప్రభుత్వ గృహ సంస్థ వందలాది కుటుంబాలను ఖాళీ చేయించింది. ఎవరో ఆ మత్తుమందు పొగ తాగినందువల్ల గోడలకు అంటిన అవశేషంతో హాని జరిగినట్టు ఆధారం లేదని 2018లో ప్రధాని సైన్సు సలహాదారు పీటర్ గ్లక్‌మన్ తేల్చారు. ఆ సంస్థ క్షమాపణ చెప్పి పరిహారమూ ఇచ్చింది. తయారీ జరిగిన ఇల్లు వేరు, వాడిన ఇల్లు వేరు.

నారాయణగూడలో ఇల్లు అద్దెకిచ్చేవారికీ ఒక మాట. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 25వ సెక్షన్ ప్రకారం, తెలిసీ ఇంటిని మత్తుమందు తయారీకి ఇస్తే యజమానికీ శిక్ష తప్పదు. అనుమానం వస్తే ఈగల్ టోల్‌ఫ్రీ నంబరు 1908. తలుపు తీసి మీరే లోపలికి వెళ్లి డబ్బాలు కదపకండి.