పదునుంటేనే నునుపు
ఉలికైనా మంగలికత్తికైనా వజ్రపు సానరాయి పనికొచ్చేదెంతవరకు?

ఏటికొప్పాక (ఎస్.రాయవరం): వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక పేరు చెప్పగానే లక్క బొమ్మలు గుర్తుకొస్తాయి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళ 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో రాష్ట్ర శకటంగా దేశ రాజధానిలో ఊరేగింది. బొమ్మల రంగుల గురించి, అంకుడు కర్ర గురించి అందరూ చెబుతారు. ఆ కర్రను ముందుగా తాకే ఉలి పదును గురించి చెప్పేవారు తక్కువ. మార్కెట్లో దొరుకుతున్న వజ్రపు సానరాళ్లు ఈ పనికి ఎంతవరకు అక్కరకొస్తాయన్నది తెలుసుకోదగిన విషయం.

పదును తగ్గితే నష్టమే
లేతు యంత్రంపై గిర్రున తిరిగే కర్రను పదునైన ఉలి పొరలుపొరలుగా కోస్తుంది. మొద్దుబారిన ఉలి కోయదు, నారను చీల్చి లాగుతుంది. కర్రపై గరుకు తేలుతుంది. ఆ తర్వాత లక్క కణికను అదిమితే రాపిడి వేడికి కరిగి కర్రకు పట్టుకుంటుంది. దానికి మొగలి ఆకుతో మెరుగు పెడతారు. లక్క పొర పలుచన కావడంతో అడుగున ఉన్న గీతలు దాగవు. వాటిని పోగొట్టేందుకు గరుకు కాగితంతో ఎక్కువసేపు రుద్దితే శ్రమ పెరుగుతుంది, కర్ర పొడి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. మొద్దు ఉలిని బలంగా అదిమితే అది కర్రలో చిక్కుకుని ముక్క ఎగిరిపడే ప్రమాదమూ ఉంది.

కరెంటు సానచక్రంతో మరో చిక్కు ఉంది. కమ్మరి కొలిమిలో సాగిన ఉక్కు పనిముట్లు అతిగా వేడెక్కితే అంచు నీలిరంగుకు తిరుగుతుంది. అంటే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే. తర్వాత ఎంత సాన పట్టినా ఆ భాగం అరిగిపోయే వరకు పదును నిలవదు.

వజ్రం ఎందుకు?
ఒకప్పుడు వజ్రమంటే కృష్ణా తీరంలోని కొల్లూరు గనులు, గోల్కొండ వర్తకులు. 1954లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ప్రయోగశాలలో కృత్రిమ వజ్రం తయారైన తర్వాత, అది క్రమంగా కార్ఖానాల సరకుగా మారింది. వజ్రపు సానరాయి నిజానికి రాయి కాదు. ఉక్కు పలకపై వజ్రపు రేణువులను నికెల్ పూతతో అతికిస్తారు.

దీని బలం రెండు విషయాల్లో ఉంది. ఎంత గట్టి ఉక్కునైనా త్వరగా కోస్తుంది. పైగా పలక చదునుగానే ఉంటుంది. మామూలు సానరాయి వాడకంలో మధ్యలో గుంట పడుతుంది. గుంట పడిన రాయిపై నిటారు అంచు రాదు.

రేణువు పరిమాణాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. సాధారణంగా 325 నంబరు పలకపై రేణువు సుమారు 45 మైక్రాన్లు, 600 నంబరుపై 25, 1200 నంబరుపై 9 మైక్రాన్లు ఉంటుంది. పెచ్చులూడిన అంచును సరిచేయడానికి మొదటిది, రోజువారీ పదునుకు మిగిలిన రెండూ ఉపయోగపడతాయి.

మంగలికత్తి చెప్పే పాఠం
వజ్రం హద్దు ఎక్కడో తెలియాలంటే పాతకాలపు మడత మంగలికత్తిని చూడాలి. కత్తి వీపునూ అంచునూ ఒకేసారి రాయికి ఆనించి నూరతారు కనుక కోణం దానంతటదే కుదురుతుంది. అయితే వజ్రపు రేణువు ఉక్కుపై లోతైన గీతలు వదులుతుంది. కర్ర ఉలికి 1200 నంబరు పలక చాలు. చర్మంపై నడిచే అంచుకు చాలదు. గీతలున్న అంచు వెంట్రుకను కోసినా చర్మాన్ని మండిస్తుంది. అందుకే వజ్రంతో రూపు తెచ్చి, ఆపై 8000 నంబరు వంటి నున్నని నీటిరాయిపై నూరి, చివరగా తోలు పట్టాపై తీయాలి. తోలుపై అంచు ఎప్పుడూ వెనుక ఉండాలి, వీపు ముందు నడవాలి. లేకుంటే తోలు తెగుతుంది, కత్తి పాడవుతుంది.

నూరినంత మాత్రాన కత్తిపై ఉన్న రోగక్రిములు చావవు. హెపటైటిస్-బి, హెచ్ఐవీ వంటివి రక్తం ద్వారా సోకుతాయి. ఒకరికి వాడిన కత్తిని మరొకరికి వాడరాదు.

పాటించాల్సినవి
* పలకపై కొద్దిగా నీరు లేదా సబ్బునీరు చల్లి నూరాలి. పని ముగిశాక కడిగి, తుడిచి ఆరబెట్టాలి.
* బలం వేయరాదు. అదిమితే రేణువులు ఊడిపోతాయి, అంచుపై లోతైన గీతలు పడతాయి.
* కొత్త పలక మొదట్లో గరుకుగా కోస్తుంది. ముందు ఉలులపై కొన్నాళ్లు వాడి, మచ్చికైన తర్వాతే సన్నని అంచులకు ఉపయోగించాలి.
* అంచు వెంట వేలు నడపరాదు. వెలుతురులో అంచును చూస్తే మొద్దు ఉన్నచోట తళుక్కుమంటుంది. పదునైన అంచు కనిపించదు.
* వేగంగా తిరిగే వజ్రపు చక్రంపై ఉక్కును నూరరాదు. ఆ వేడిలో వజ్రంలోని కర్బనం ఇనుములో కలిసిపోయి చక్రం త్వరగా అరుగుతుంది. చేతితో నూరితే ఆ బెడద లేదు.

వజ్రపు పలక ధర మామూలు సానరాయి కంటే ఎక్కువే. అన్నీ కొననక్కర్లేదు. 600, 1200 నంబర్ల పలకలు రెండు ఉంటే ఉలి పనికి సరిపోతాయి. అంకుడు కర్ర ముక్క చెడితే కర్రతోపాటు దానిపై పెట్టిన శ్రమా పోతుంది. పనికి కూర్చునే ముందు రెండు నిమిషాలు సానకు కేటాయిస్తే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది.