కీమో ఎక్కించినా గడ్డ ఎందుకు తగ్గడం లేదు?

క్లోమ గ్రంథి క్యాన్సర్‌తో బాధపడేవారిని పరామర్శించడానికి మీరు వెళ్లి ఉంటారు. కీమో ఎక్కించినా స్కానింగులో గడ్డ పెరిగిందని తెలియగానే ఎవరో ఒకరు, "సరిగా తినలేదేమో, ధైర్యం చాలలేదేమో" అంటారు. విశ్వాసం చాలలేదనే వారు కూడా ఉన్నారు. రోగికి క్యాన్సర్ బాధకంటే ఈ మాట బాధ ఎక్కువ. ఆ మాట అనకముందు గడ్డ లోపల ఏమి జరుగుతుందో కాస్త గమనించండి.

క్లోమం పొట్టలో బాగా లోపల, జీర్ణాశయం వెనుక ఉంటుంది. అక్కడ లేచే గడ్డలో క్యాన్సర్ కణాలకంటే వాటి చుట్టూ అల్లుకున్న పీచు కణజాలమే చాలాసార్లు ఎక్కువ. మానిన పుండు మీది మచ్చ ఎంత గట్టిగా ఉంటుందో మీకు తెలుసు కదా! ఇదీ అలాంటిదే. దాని ఒత్తిడికి సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. చేతి నరంలోకి ఎక్కించిన మందు రక్తంతోనే కదా ప్రయాణించాలి? దారే మూసుకుపోతే అది ఎలా చేరుతుంది?

అయితే ఆ గోడను పడగొడితే చాలదా? శాస్త్రజ్ఞులు కూడా అలాగే తలంచారు. 2009లో ఎలుకలకు పీచును తగ్గించే మందు ఇచ్చినప్పుడు కీమో లోపలికి బాగా చేరింది. అదే తరగతి మందును మనుషులకు ఇచ్చి చూసిన ఒక పరీక్షను మాత్రం 2012లో ఆపివేయవలసి వచ్చింది. మందు తీసుకోనివారే ఎక్కువ కాలం బ్రతికారు! ఆ పీచు కొంతమేరకు క్యాన్సర్‌ను కట్టడి కూడా చేస్తుందని 2014లో ఎలుకల మీది పరిశోధనలలో తేలింది.

మందు గడ్డను చేరినా పని పూర్తికాదు. అమెరికాలో 1996 నుండి ఈ వ్యాధికి వాడుతున్న జెమ్‌సైటబిన్, కణం పైపొరలోని చిన్న ద్వారాల గుండా లోపలికి వెళ్లి, అక్కడ రూపం మారితేనే కణాన్ని చంపగలదు. ద్వారాలు తక్కువగా ఉన్న కణాలు తప్పించుకుంటాయి, అవే మళ్లీ పెరుగుతాయి. రోగి ధైర్యానికీ దీనికీ సంబంధమేముంది?

అందుకే డాక్టర్లు రెండు మూడు మందులు కలిపి ఇస్తారు. వ్యాధి ఇతర అవయవాలకు పాకినవారిలో జెమ్‌సైటబిన్ ఒక్కటే ఇస్తే సగటున 6.8 నెలలు, నాలుగు మందుల ఫోల్ఫిరినాక్స్‌తో 11.1 నెలలు బ్రతికారని 2011లో ప్రచురితమైంది. అది కఠినమైన చికిత్స, బలహీనులు తట్టుకోలేరు.

మీ కుటుంబంలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. బీఆర్‌సీఏ అనే జన్యువులో లోపమున్న కొద్దిమందిలో ప్లాటినం జాతి మందులు మెరుగ్గా పనిచేస్తాయి. పుట్టుకతో వచ్చిన ఆ లోపం రక్తపరీక్షలో తెలుస్తుంది.