‘రోమియో మస్ట్ డై’: వర్గవైరం, ప్రణయం, వీరరసం

వ్యాససంగ్రహం:
వైరివర్గాలకు చెందిన యువతీయువకుల ప్రణయాన్ని యుద్ధవిద్యల నేపథ్యంలో చూపిన హాలీవుడ్ చిత్రం ‘రోమియో మస్ట్ డై’ (2000). ఇందులో వైరానికి మూలమేమిటి, ప్రణయం ఏ రూపంలో వ్యక్తమైంది అనే అంశాలను షేక్‌స్పియర్ నాటకంతో పోల్చి, రసదృష్టితో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యుద్ధవిద్యలు, వర్గవైరం, ప్రణయం, అంగిరసం, జెట్ లీ.

1. ఉపోద్ఘాతం:
ఛాయాగ్రాహకుడిగా పేరుపొందిన ఆండ్రే బర్ట్‌కోవియాక్ దర్శకత్వం వహించిన తొలి చిత్రమిది. ‘షావొలిన్ టెంపుల్’ (1982)తో చైనాలో ప్రసిద్ధుడైన జెట్ లీ, హాలీవుడ్‌లో మొదట ‘లెథల్ వెపన్ 4’ (1998)లో ప్రతినాయకుడిగా కనిపించి, ఈ చిత్రంతో కథానాయకుడయ్యాడు. గాయని ఆలియాకు కథాచిత్రాలలో ఇదే మొదటిది. పోరాటాలను హాంకాంగ్ చలనచిత్రరంగానికి చెందిన కోరీ యువెన్ రూపొందించాడు.

2. వైరానికి మూలం:
‘రోమియో అండ్ జూలియట్’ నాటకంలో రెండు కుటుంబాల పగకు కారణం ఎక్కడా చెప్పబడదు. ఈ చిత్రంలో కారణం స్పష్టం. అది భూమి. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగరంలో చైనీయుల ముఠాకు చూ సింగ్, నల్లజాతీయుల ముఠాకు ఐజాక్ ఓడే నాయకులు. ఫుట్‌బాల్ క్రీడాప్రాంగణం నిర్మించదలచిన ఒక ధనికునికి సముద్రతీర స్థలాలను సమకూర్చే బేరంలో ఇద్దరూ ఉన్నారు.

చూ సింగ్ చిన్నకొడుకు పో హత్యతో కథ మలుపు తిరుగుతుంది. తండ్రిని, తమ్ముణ్ణి కాపాడేందుకు నేరాన్ని తనపై వేసుకొని హాంకాంగ్ చెరసాలలో ఉన్న పెద్దకొడుకు హాన్ తప్పించుకొని అమెరికా చేరుతాడు. అక్కడ ఐజాక్ కుమార్తె ట్రిష్ పరిచయమవుతుంది. కొద్దికాలానికే ఆమె సోదరుడు కోలిన్ కూడా హతుడవుతాడు. ఎదుటివర్గంపైనే అందరి అనుమానం. కాని పోను చంపినవాడు చూ సింగ్ నమ్మినబంటు కై. అందుకు తండ్రి సమ్మతి కూడా ఉంది. కోలిన్ మరణం వెనుక ఉన్నది ఐజాక్ అనుచరుడు మాక్. అనగా జాతివైరం ఇక్కడ ఇంటిలోని నేరాన్ని కప్పే తెర మాత్రమే. దానిని గుర్తించగలిగినవారు పగను వారసత్వంగా స్వీకరించని హాన్, ట్రిష్‌లే.

3. పోరాటమే ప్రణయభాష:
ఉత్సాహం స్థాయిభావంగా గల వీరం ఈ చిత్రంలో అంగిరసం. రతి స్థాయిభావంగా గల శృంగారం అంగం. వీరశృంగారాలు పరస్పర విరోధులు కావని ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో పేర్కొన్నాడు. ఈ సూత్రానికి ఇందులోని ఒక ఘట్టం చక్కని ఉదాహరణ. ద్విచక్రవాహనాలపై వచ్చిన శత్రువులలో ఒకరు స్త్రీ. స్త్రీపై చేయి చేసుకోలేని హాన్, ట్రిష్ చేతులను, కాళ్లను తన కదలికలతో నడిపిస్తూ ఆమె ద్వారా పోరాడతాడు. ఇద్దరి దేహాలు ఒకే లయలో కదిలే ఈ పోరాటం నృత్యాన్ని తలపిస్తుంది. సంభాషణ చెప్పని సాన్నిహిత్యాన్ని యుద్ధవిద్య చెప్పింది.

అయితే ఈ ఘట్టంలో నాయిక తన సంకల్పంతో పోరాడదు. ఆమె నాయకుని చేతిలో ఆయుధమవుతుంది. ఇది గమనించవలసిన పరిమితి.

4. ఆలింగనంతో ఆగిన ప్రణయం:
షేక్‌స్పియర్ నాటకంలో సంతానం మరణించగా పెద్దలు రాజీపడతారు. ఇక్కడ సంతానం బ్రతికి, తండ్రి చూ సింగ్ ఆత్మహత్య చేసుకుంటాడు. శీర్షిక సూచించిన మరణం రోమియోకు ప్రాప్తించదు. ఇది కథకు మేలైన మార్పు. కాని చివరికి నాయికానాయకులు కౌగిలించుకొని నడిచిపోతారు, అంతే. హాలీవుడ్ సాహసకథలలో విజేతకు సాధారణంగా దక్కే చుంబనం ఇక్కడ లేదు. ఈ సంయమాన్ని ఔచిత్యమని మెచ్చుకోవచ్చు. అయితే చైనా నాయకుడు శత్రువును జయించవచ్చు గాని ప్రేమికుడిగా పూర్తిగా కనిపించరాదనే సంకోచం కూడా ఇందులో ధ్వనిస్తుంది. జాతిహద్దులను ప్రశ్నించిన చిత్రం తానే ఒక హద్దు వద్ద ఆగింది.

5. ముగింపు:
‘రోమియో మస్ట్ డై’ వర్గవైరాన్ని విధిగా కాక, లాభం కోసం పెద్దలు పోషించిన వ్యాపారంగా నిరూపించింది. ప్రణయాన్ని మాటలలో కాక పోరాటగతిలో చూపి వీరానికి శృంగారాన్ని అంగంగా నిలిపింది. ఆ శృంగారాన్ని పరిపూర్ణంగా ప్రకటించకపోవడం దాని లోపం. వైరివర్గాల ప్రేమకథలను పరిశీలించేటప్పుడు ప్రేమికులు బ్రతికారా అన్న ప్రశ్నతో పాటు, వారిని ప్రేమికులుగా కనిపించనిచ్చారా అన్న ప్రశ్న కూడా అవసరమని ఈ చిత్రం తెలియజేస్తుంది.