మా ఇంటి వెనక పొలం

మొన్నామధ్య కౌన్సిల్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మా ఇంటి వెనక పొలంలో ఇళ్ళు కట్టడానికి ఎవరో దరఖాస్తు పెట్టారట. అభ్యంతరాలుంటే 21 రోజుల్లో చెప్పమన్నారు. ఇంగ్లండులో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో చాలామందికి ఇలాంటి ఉత్తరం వచ్చే ఉంటుంది.

ఇక్కడ పొలం మనదైనా అందులో ఇల్లు కట్టే హక్కు మనది కాదు. 1947 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం ఆ హక్కును ప్రభుత్వం చేతిలో పెట్టింది. మన భాషలో చెప్పాలంటే ఫైలు ఓనరు మనమే, రైట్ పర్మిషన్ మాత్రం కౌన్సిల్ దగ్గరుంటుంది. పర్మిషన్ వచ్చిందంటే పొలం ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ పెరిగిన విలువ ప్రజలకే చెందాలని మొదట్లో నూటికి నూరు శాతం రుసుము వేశారు. 1953 చట్టంతో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు స్కూళ్ళు, రోడ్ల పేరిట కొంత రాబడుతున్నా, పొలం యజమానికి మంచి లాభమే మిగులుతుంది.

సరే, నా అభ్యంతరం రాద్దామని కౌన్సిల్ వెబ్‌సైటు తెరిచాను. అప్పటికే నలభై దాకా ఉన్నాయి. అన్నీ ట్రాఫిక్, స్కూలు సీట్లు, డాక్టరు అపాయింట్‌మెంట్ల గురించే. "మా ఇంటి ధర తగ్గుతుంది" అని ఒక్కరూ రాయలేదు. రాసినా లాభం లేదు, ఇంటి ధర, కిటికీలోంచి కనిపించే పచ్చదనం నిబంధనల ప్రకారం లెక్కలోకి రావు. నేనూ బుద్ధిగా ట్రాఫిక్ గురించే టైపు చేశాను.

సబ్మిట్ కొట్టేముందు, అసలు మా వీధిలో ధరలెలా ఉన్నాయో చూద్దామని లాండ్ రిజిస్ట్రీ డేటా దించుకున్నాను. ఇంగ్లండు, వేల్స్‌లలో 1995 నుంచి జరిగిన ఇళ్ళ అమ్మకాలు అందులో ఉంటాయి, ఉచితంగానే. చిన్న స్క్రిప్టు రాసి పోస్టుకోడు ఇస్తే మా ఇల్లు దొరికింది. మొదటి అమ్మకం 1996లో, 68 వేల పౌండ్లకి. నేను కొన్నది 2014లో, 2 లక్షల 40 వేలకి. మొదటి వరసలో, కొత్త ఇల్లా కాదా చెప్పే కాలమ్‌లో 'వై' అని ఉంది. అంటే అప్పటికి మా ఇల్లే కొత్త. అంతకుముందు ఇక్కడా పొలమేనట, పక్కింటి పెద్దాయన చెప్పాడు.

పొలాలు మిగలడం వల్ల అందరికీ మేలేనని ఒప్పుకుంటాను. ఇంగ్లండు నేలలో సుమారు ఎనిమిదో వంతు గ్రీన్‌బెల్టే. కానీ ఆ మేలులో పెద్ద వాటా ముందే ఇల్లు కొనుక్కున్న నాబోటివాళ్ళది. ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడు సగం జీతం అద్దెకే పోతోందని వాపోతుంటాడు. రేపు ఆ పొలంలో ఇల్లు కొనుక్కోబోయేది అలాంటివాళ్ళే. వాళ్ళకి మాత్రం ఉత్తరం వెళ్ళదు!

ట్రాఫిక్ గురించి రాసింది చెరిపేశాను. బడికి నడకదారి వెయ్యమనీ, తక్కువ అద్దె ఇళ్ళు కొన్ని కట్టమనీ రాసి సబ్మిట్ కొట్టాను. మా ఆవిడ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.